దేముడు వీడియో: సింగిల్ లైనూ యార్డూ

ఖరగ్‌పూర్‌లో నేను రెండు వానాకాలాలు ఉన్నాను. ఉండడానికి కారణమంటూ ఏమీ లేదు. ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కే మధ్యలో జనం టీ తాగుతారు; నేను ఏడాదిన్నర ఉండిపోయాను. ఆ ఏడాదిన్నరలో సాయంత్రాలన్నీ దాదాపు గోల్‌బజార్‌లో ఒక మేడగదిలో, గోడవారగా వేసిన బల్లమీద గడిచాయి. కింద ఇనపసామాను కొట్టు. మెట్ల పక్కన తెలుగులో, బెంగాలీలో, ఇంగ్లీషులో 'దేముడు వీడియో' అని బోర్డు. చేపలబజారు వాసన ఆ గదిదాకా వచ్చేది. ఆ గది నడిపే దేముడు మొదట్లో అగరొత్తులు వెలిగించేవాడట. పొగ వీసీఆర్‌లకి పడదని ఎవరో చెబితే మానేశాడు. నేను వెళ్లేనాటికి వాసనకే అలవాటు పడిపోయి ఉన్నాడు.

అతని తండ్రి టెక్కలి పక్కనించి వచ్చి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్లో మనవైపు కుటుంబాలు చాలావాటికి ఇక్కడిదాకా కథ ఒకటే. తాతో తండ్రో వచ్చాడు, కొడుకు అప్రెంటిసు పరీక్ష రాశాడు. దేముడూ రాశాడు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్ష రోజున, ఊళ్లోనే పూరీ గేట్ దగ్గరి ఫొటోస్టూడియో ఆయనకి సాయంగా, ఒక పెళ్లిలో లైటు పట్టుకోడానికి వెళ్లాడు. ఇంట్లో ఆ సంగతి ఫలితాలు వచ్చేదాకా తెలియలేదు.

ఎనభై అయిదు ప్రాంతాల అతని వ్యాపారం వీడియో తీయడం కాదు, చూపించడం. కలర్ టీవీనీ వీసీఆర్‌నీ బొంతలో చుట్టి, రిక్షాలో పెట్టుకుని, అద్దెకి అడిగిన రైల్వే క్వార్టరుకి వెళ్లేవాడు. ఆదివారం పగలంతా వరసగా తెలుగు సినిమాలు. చుట్టుపక్కల వాళ్లు చాపలు తెచ్చుకుని కూర్చునేవారు. సినిమా మంచి పట్టులో ఉండగా గుమ్మంలోకి, డ్యూటీకి రమ్మని పిలిచే కాల్‌బాయ్ వచ్చేవాడు. ఇంటాయన చొక్కా తొడుక్కుని బండికి వెళ్లిపోయేవాడు. మిగిలిన కథ భార్య మర్నాడు చెప్పాలి. ఈ ఊళ్లో మగాళ్లంతా సగం సినిమా చూసి సగం విన్నవాళ్లేనని దేముడు అంటుండేవాడు. నేనెరిగిన పండితుల్లో కూడా పుస్తకాల సంగతి అలాగే ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు గనక నాకు ఆ మాట నచ్చింది.

తరవాత కెమెరా కొన్నాడు. కెమెరా కొన్నవాడికి ఎడిటింగ్ తప్పదు. ఎడిటింగ్ అంటే ఆ రోజుల్లో వేలితో చేసే పని. ఒక వీసీఆర్‌లో పెళ్లి నడుస్తూంటుంది. రెండోదాంట్లో ఖాళీ క్యాసెట్టు రికార్డు మీద ఆగి ఉంటుంది. కావలసిన చోటు రాగానే పాజ్ మీంచి వేలు తీయాలి, వద్దనుకున్న చోట మళ్లీ నొక్కాలి. యంత్రం మేలుకోడానికి కొంచెం టైము తీసుకుంటుంది, అదీ ముందే చూసుకోవాలి. అయినా అతుకు పడ్డచోట బొమ్మ వణికి అడ్డంగా ఒక రంగుల చార పోయేది. దీనికి దేముడు ఒక కిటుకు కనిపెట్టాడు. పెళ్లిలో ఫొటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టినప్పుడు వీడియోలో బొమ్మంతా ఒక్కసారి తెల్లబడుతుంది. సరిగ్గా ఆ తెలుపు మీద అతుకు వేసేవాడు. చూసేవాళ్ల కళ్లు చెదిరి తేరుకునేలోపల కాళ్లు కడగడం అయిపోయి తలంబ్రాలు వచ్చేసేవి.

ఈ విద్య అతనికి ముఖ్యంగా డ్యూటీ అక్షింతలకి పనికొచ్చింది. రైల్వే ఊళ్లో ముహూర్తం పంతులుగారు పెట్టినా, ఎవరు రావాలో డ్యూటీలు చెబుతాయి. వర్క్‌షాపు వాళ్లకి షిఫ్టులైనా ఉంటాయి. బండ్లమీద పనిచేసేవాళ్లకి అవీ ఉండవు, పిలిచినప్పుడు వెళ్లాలి. అందుకని అక్కడి తెలుగువాళ్లు ఒక ఆచారం పెట్టుకున్నారు. పెళ్లి మర్నాడు సాయంత్రం వధూవరుల్ని అవే బట్టల్లో అవే కుర్చీల్లో మళ్లీ కూర్చోబెడతారు. డ్యూటీలు దిగినవాళ్లు వచ్చి అక్షింతలు వేసి, చదివింపులు చదివించి, భోజనం చేసి పోతారు. దేముడు వాటిని కూడా తీసి, ముహూర్తం నాటి అక్షింతల మధ్యలో ఇరికించేవాడు. దండలు వడలి ఉంటే పట్టుబడిపోతామని మర్నాటికి కొత్త దండలు తనే తెచ్చేవాడు. క్యాసెట్టులో చూస్తే ఊరంతా వేళకే వచ్చినట్టుంటుంది. దీన్ని అబద్ధమని ఎవరూ అనుకోలేదు. కలంకారీ గుడ్డలమీద ఒకే రాజకుమారుడు ఒకచోట వేటాడుతూ, పక్కనే నిద్రపోతూ, ఆ పైన యుద్ధం చేస్తూ ఉంటాడు. ఒక్క మనిషి అన్నిచోట్ల ఎలా ఉన్నాడని చూసేవాళ్లెవరూ అడగరు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో విల్‌ఫ్రెడ్ కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. విల్‌ఫ్రెడ్ ఆంగ్లో ఇండియన్, ఇంజను డ్రైవరు కొడుకు. కలకత్తాలో విడిభాగాలు కొనుక్కొచ్చి కంప్యూటర్లు బిగించి ఇస్తుంటాడు. వీడియోని లోపలికి లాక్కునే కార్డుతో పాటు, రెండు సీడీల మీద రెండు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఇచ్చాడు. మేదినీపూర్‌లోనూ బాలాసోర్‌లోనూ ఇంకొందరు వీడియోవాళ్లు కంప్యూటర్ కొంటామంటున్నారట. వాళ్లకి ఈ రెంటిలో ఏది అంటగట్టాలో అతనికి తెలియలేదు. వాడి చూసి దసరా పూజల లోపల ఒకటి చెప్పమన్నాడు. రెంటికీ పొడుగాటి ఇంగ్లీషు పేర్లున్నాయి గాని, ఆ గదిలో అవి నాలుగు రోజులు కూడా నిలవలేదు. మొదటిదానికి దేముడు సింగిల్ లైను అని పేరు పెట్టాడు. రెండోదానికి యార్డు.

సింగిల్ లైనులో తెర అడుగున గళ్ల వరస ఒక్కటే. గడికొక ముక్క పెట్టుకుంటూ పోవడమే, వాగన్ వెనక వాగన్ తగిలించినట్టు. రెండు గళ్ల మధ్య ఒక చిన్న కిటికీ ఉంటుంది. ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి ఎలా వెళ్లాలో అక్కడ ఎంచుకోవాలి. పేజీ తిరగడం, గులాబీ విచ్చుకోవడం, పావురాలు ఎగరడం, హృదయం ఆకారంలో కన్నం పడడం, అలాంటివి వందకి పైన ఉన్నాయి. పెళ్లివాళ్లు పక్కన కుర్చీ వేసుకుని, ఇది పెట్టు, అది పెట్టు అని వేలుతో చూపించేవారు. ఒక పెద్దమనిషి తన కూతురి పెళ్లిలో పావురాలు తక్కువయ్యాయని క్యాసెట్టు వెనక్కి పంపాడు. దీనికి పాట కూడా తగిలించవచ్చు. తగిలిస్తే మాత్రం పెళ్లిలో అసలు చప్పుడు పోతుంది.

యార్డు అలా కాదు. తెర అడ్డంగా పట్టాలే పట్టాలు. రెండు బొమ్మకి, ఒకటి ఆ బొమ్మమీద కప్పే ఇంకో బొమ్మకి, కింద మూడు శబ్దానికి. ఏ ముక్కనైనా ఏ పట్టామీదికైనా షంటింగ్ చేయవచ్చు. రెప్పపాటులో పదోవంతు దాకా కోయవచ్చు. పువ్వులూ పావురాలూ మాత్రం తక్కువ. ఒక పని చెప్పాక అది ఆలోచించుకునేలోపల మనం వెళ్లి భోంచేసి రావచ్చు. వచ్చేసరికి మొరాయించి ఆగిపోయి ఉండనూవచ్చు.

రెంటికీ తేడా ముందు బెంగాలీ పెళ్లిళ్లలో తెలిసింది. వాళ్లకి శంఖం మోగాలి, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ ఉలుధ్వని చెయ్యాలి, అవి క్యాసెట్టులో వినపడాలి, అడుగున షెహనాయీ కూడా మెత్తగా నడవాలి. సుభాష్‌పల్లి నుంచి వచ్చిన ఒక దీదీ సింగిల్ లైనులో చేసిన తన చెల్లెలి పెళ్లి చూసి, మావాళ్లు నోళ్లయితే తెరుస్తున్నారు, గొంతులేవి దాదా అని అడిగింది. దేముడు దాన్ని యార్డులో మళ్లీ చేశాడు. పెళ్లికూతురు ముఖానికి అడ్డం పెట్టుకున్న తమలపాకులు తీసి పెళ్లికొడుకుని మొదటిసారి చూసే చోటుని వాళ్లు నెమ్మదిగా చూపించమంటారు. సింగిల్ లైనులో ఆ నెమ్మది కుంటుతుంది. యార్డులో నీళ్లలో నడిచినట్టుంటుంది. తెలుగువాళ్లకి ఈ బాధలేవీ లేవు. పెళ్లంతా సినిమాపాటలు వినపడితే చాలు. ఇంతకీ తెలుగు పేర్లు వేయడానికి అక్షరాలు రెండిట్లోనూ లేవు. నల్ల అట్టమీద సుద్దతో రాసి, ఆ అట్టని కెమెరాతో తీసేవాడు దేముడు. సింగిల్ లైనులో అట్ట అట్టలాగే కనపడేది. యార్డుని నలుపు మాయం చెయ్యమంటే చేసేది. వధూవరుల పేర్లు పందిరిమీద తేలుతూ వచ్చేవి. ఏ రంగు చెబితే ఆ రంగు మాయం చేసి, వెనకనున్న బొమ్మని చూపించడం యార్డుకి తెలుసు. ఈ విద్య చూశాక విల్‌ఫ్రెడ్‌కి యార్డే చెప్పాలని అతను దాదాపు నిశ్చయించుకున్నాడు.

అప్పుడు తవిటయ్య మెట్లెక్కి వచ్చాడు.

తవిటయ్య గూడ్సు బండి గార్డు. దేముడికి మావయ్య వరస. అతని ఒక్క కూతురు నూకరత్నానికి శ్రావణమాసంలో పలాస కుర్రాడితో పెళ్లయింది. పూరీ గేట్ దగ్గర హాల్లో, పొద్దుటి ముహూర్తం. వీడియో దేముడే తీశాడు. ఆ పెళ్లికి తవిటయ్య లేడు.

అతనికి సెలవుంది. ఆ సెలవుని పెళ్లయ్యాక కూతుర్ని పలాసలో దిగబెట్టి నాలుగు రోజులు ఉండడానికి దాచాడు. రైల్వే మనిషి సెలవుని అలా దాస్తాడు, ఊరగాయలాగ. పెళ్లికి ముందురోజు ఒక్క ట్రిప్పు, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తానన్నాడు. మధ్యాహ్నం వాన పట్టుకుంది. టాటా వైపు లైనుమీదికి నీళ్లొచ్చాయి. అతని బండిని ఒక చిన్న స్టేషనులో పక్కకి, లూపు లైనుకి తోసి ఆపారు. బదులు మనిషి వచ్చేదాకా గార్డు బండి చివరి పెట్టెని, తన బ్రేక్‌వాన్‌ని, వదలకూడదు. రైళ్లు నడవడం లేదు గనక బదులు మనిషి రాడు. తవిటయ్య స్టేషను ఫోన్లో కబురు పంపాడు: నాకోసం చూడొద్దు, అప్పలకొండ చేత కానిచ్చేయండి.

అప్పలకొండ తవిటయ్య భార్య జోగమ్మకి తమ్ముడు. వర్క్‌షాపులో చక్రాల దగ్గర పని. పీటలమీద ఆలుమగలు కలిసి కూర్చోవాలి. భర్త లేకపోవడంతో జోగమ్మ కూడా కూర్చోడానికి వీల్లేకపోయింది. అప్పలకొండా అతని భార్యా కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు కడిగి కన్యాదానం చేశారు. జోగమ్మ వెనక నిలబడి చెంబుకి నీళ్లందించింది. తవిటయ్య మర్నాడు సాయంత్రానికి, డ్యూటీ అక్షింతల వేళకి, వచ్చాడు. యూనిఫారం కూడా విప్పకుండా వరసలో నిలబడి కూతురి మీద అక్షింతలు వేశాడు. అందరూ మళ్లీ అక్షింతలు వేస్తున్నప్పుడు తను మళ్లీ కన్యాదానం చేస్తే ఏమవుతుందని పురోహితుడు అనంతరామయ్యగారిని అడిగాడు. ఆయన నవ్వలేదు.

"అక్షింతలు ఎన్నిసార్లు వేసినా ఆశీర్వచనమేనయ్యా," అన్నాడాయన. "ఇచ్చేసిన పిల్లని మళ్లీ ఇవ్వడానికి ఎక్కణ్ణించి తెస్తావు?"

ఆ మాటతో ఊరుకునేవాడే. కాని పలాస వెళ్లినప్పుడు పెళ్లికొడుకు తల్లి ఎవరితోనో అంటూండగా జోగమ్మ విన్నది: క్యాసెట్టు చూసినవాళ్లు పిల్లకి తండ్రి లేడనుకుంటారు, చెప్పుకోలేక చావాలి. దసరాకి కూతురూ అల్లుడూ వస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు క్యాసెట్టు తీసుకెళ్తారు.

"నన్ను కలపరా," అన్నాడు తవిటయ్య బల్లమీద నా పక్కన కూర్చుంటూ.

"అక్షింతల్లో ఉన్నావు గదా మావా."

"అక్షింతల్లో ఊరంతా ఉన్నారు. నాకు పీటలమీద కావాల."

దేముడు యార్డు తెరిచి, నల్ల అట్ట మాయమయ్యే విద్య చూపించాడు. గోడకి నీలం దుప్పటి కట్టి, దాని ఎదట ఆలుమగల్ని కూర్చోబెట్టి తీస్తే, నీలాన్ని మాయం చేసి మనుషుల్ని పెళ్లిపీటల మీద దించవచ్చు. మరి పీటలమీద ఇప్పటికే ఉన్న అప్పలకొండ సంగతేమిటని అడిగాడు. వాడికి నేను చెప్పుకుంటానన్నాడు తవిటయ్య.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం అందరూ ఆ మేడగదిలో చేరారు. తవిటయ్య పట్టుపంచె కట్టుకొచ్చాడు. జోగమ్మ పెళ్లినాటి చీర కట్టుకొచ్చింది. అది నెమలిపింఛం రంగు. దేముడు తీసి, కంప్యూటర్లో పెట్టి, నీలాన్ని మాయం చెయ్యమన్నాడు. దుప్పటితో పాటు చీర కూడా మాయమైంది. పెళ్లిపందిట్లో జోగమ్మ తలా రెండు చేతులూ గాలిలో తేలుతూ వచ్చాయి.

"అత్తా, నువ్వు కనపడ్డం నేదు," అన్నాడు దేముడు.

"పెళ్లిలోనూ నన్ను మాయం సేసినారు. ఇక్కడా అంతేనేటి?" అంది జోగమ్మ.

ఇంటికి వెళ్లి కుంకం రంగు చీర కట్టుకొచ్చింది. అప్పుడు ఇంకో చిక్కు. పీటలమీద కుంకం రంగు జోగమ్మ, వెనక చెంబు పట్టుకుని నెమలిపింఛం జోగమ్మ. కలంకారీ గుడ్డలో అయితే చెల్లిపోయేది, పలాసలో చెల్లదు. వెనక మనిషి కనపడని ముక్క కోసం దేముడు పెళ్లంతా వెతికి, సన్నాయి ఆయన అడ్డం వచ్చిన చోటు పట్టుకున్నాడు. అక్కడే నీళ్లు ధారపోస్తారు. తవిటయ్య నీలం దుప్పటి ఎదట, ఏమీ లేని చోట, ఖాళీ చెంబు వంచాడు. యార్డు ఆలోచించుకోవడం మొదలుపెట్టింది. మేం టీ తాగాం. ఒకసారి మొరాయించింది. మళ్లీ టీ తాగాం.

అప్పలకొండని పిలవకూడదనుకున్నారు గాని, అతను డ్యూటీ దిగి తనే వచ్చాడు. తెరమీద తవిటయ్య కూర్చున్నాడు, పక్కన జోగమ్మ, ఎదురుగా కూతురూ అల్లుడూ. తవిటయ్య అంచుల చుట్టూ సన్నగా నీలం మెరుపు. భుజం వెనకనించి ఎవరిదో మోచెయ్యి బయటికి పొడుచుకొచ్చి ఉంది. అప్పలకొండ దగ్గరికి వంగి చూశాడు.

"అది నాదే బావా," అన్నాడు. "ఒరే దేముడూ, మడిసినంతా తీసేసినాక మోసెయ్యి ఒకటీ ఎందుకురా? అదీ కోసెయ్యి."

దేముడు ఆ మోచేతిని కప్పడానికి బొమ్మని ఆపి, ఒక్కొక్క అడుగే ముందుకి జరుపుతూ వచ్చాడు. పాటా పావురాలూ లేకుండా ఆ చోటుని అంత మెల్లగా ఎవరూ చూసి ఉండరు. చెంబు వంగింది. పెళ్లినాటి నీళ్లే పడ్డాయి. నూకరత్నం తలెత్తింది. తలెత్తి, తన ఎదట కూర్చున్న తండ్రిని దాటి, ఎడమవైపు ఎక్కడో దూరంగా చూసింది. నీళ్లు పడుతున్నంతసేపూ అటే చూసింది.

"ఆపు," అన్నాడు తవిటయ్య. "ఎనక్కి తిప్పు."

దేముడు తిప్పాడు. మళ్లీ తిప్పమంటే మళ్లీ తిప్పాడు.

"అదెవల్ని సూస్తంది?"

ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ జవాబు తెలుసు. అప్పలకొండ చెప్పాడు.

"తలుపుకేసి, బావా. పీటలమీద కూకున్నంతసేపూ తలుపుకేసే సూసింది. నాను ఇటు సూడమ్మా, ఇటు సూడమ్మా అంటనే ఉన్నాను."

"జల్లు కొడతందని తలుపు మూసేసినారు," అంది జోగమ్మ. "అయినా సూసింది."

దేముడు పనివాడు గనక పని మాటలు మాట్లాడాడు. పిల్ల తల దించుకుని ఉన్న ముక్క ఇంకోటి ఉంది, దానిమీద దింపుదాం, లేదంటే నీళ్లు పడ్డచోట గులాబీ విచ్చుకునేట్టు చేసి కళ్లు కప్పేద్దాం అన్నాడు. తవిటయ్య వినడం లేదు. తెరమీద ఆగిపోయిన కూతురి ముఖంకేసీ, దాని ఎదట నీలం అంచులతో కూర్చున్న తనకేసీ చూస్తున్నాడు.

"నాను ఎదరే కూకున్నాను," అన్నాడు. "నన్ను సూడదేటి?"

కాసేపటికి లేచాడు. పట్టుపంచె మడత సరిచేసుకున్నాడు.

"నన్ను తీసెయ్యిరా. ఆడిని ఆడి సోట పెట్టు."

"పలాసోలు మళ్లీ అంటారు," అంది జోగమ్మ.

"అననియ్యి. పెళ్లిలో నాను నేకపోయింది నిజమే గదా."

అందరూ మెట్లు దిగుతుంటే దేముడు వెనకనించి ఒక్కటే అడిగాడు. ఆ వేళకి, ముహూర్తం వేళకి, నువ్వెక్కడున్నావు మావా అని. తవిటయ్య మెట్లమీదే ఆగాడు.

"బ్రేక్‌వాన్ గుమ్మంలో. కరగ్‌పూర్ కేసి సూస్తా నిలబడ్డాను, ఇంజనేదైనా వస్తందేమోనని."

"ఎంతసేపు?"

"అది పీటలమీద ఉన్నంతసేపూ."

భాద్రపదం నెలాఖరున మళ్లీ ముసురు పట్టింది. తవిటయ్యకి బండి పడిన ఒక పొద్దున దేముడు గొడుగూ కెమెరా పట్టుకుని యార్డు చివరికి, అసలు యార్డు చివరికి, వెళ్లాడు. నేను గొడుగు పట్టాను. తవిటయ్య తెల్ల యూనిఫారంలో బ్రేక్‌వాన్ గుమ్మంలో నిలబడ్డాడు. దేముడికి ఒక ఇబ్బంది కనపడింది. పెళ్లిలో పిల్ల ఎడమకి చూసింది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే చూపులు కలవాలంటే తండ్రి కుడికి చూడాలి. కుడికి తిరగమన్నాడు. తవిటయ్య ఒప్పుకోలేదు. ఆ వేళ తను ఖరగ్‌పూర్ వైపు చూశాడు, ఖరగ్‌పూర్ ఎటుందో అటే చూస్తానన్నాడు. దేముడు వాదించలేదు. పట్టాలు దాటి, బురదలో బండి చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, అక్కణ్ణించి తీశాడు. అక్కణ్ణించి తవిటయ్య కుడికే చూస్తున్నాడు.

దాన్ని కలపడానికి యార్డు అక్కర్లేకపోయింది. ముందు యార్డులోనే చేశాడు: అనంతరామయ్యగారి మంత్రాన్ని శబ్దం పట్టామీద అలాగే సాగనిచ్చి, పైన బ్రేక్‌వాన్ పెట్టాడు. వినడానికి బాగుంది. దేముడికి నచ్చలేదు. అక్కడ మంత్రం వినపడలేదు కదా అన్నాడు. సింగిల్ లైను తెరిచి మూడు గళ్లు నింపాడు. మొదటి గడిలో నూకరత్నం తలెత్తి చూడడం. రెండో గడిలో తవిటయ్య, వాన చప్పుడు. మూడో గడిలో మళ్లీ పందిరి, మంత్రం, నీళ్లు, అప్పలకొండ చేతులు. పాట తగిలించలేదు. గళ్ల మధ్య కిటికీల్లో ఏం పెట్టాలని సింగిల్ లైను అడిగింది. గులాబీలూ పావురాలూ హృదయాలూ దాటి, పట్టీ అడుగుకి దిగి, ఏమీ వద్దు అన్న మాటని నొక్కాడు. అప్పటిదాకా దాన్ని ఎవరూ నొక్కలేదు.

హరికథ చెప్పే దాసుగారు రాజుని అడవిలో వదిలేసి, చిడతలు ఒకసారి గట్టిగా కొట్టి, అక్కడ అలా ఉండగా ఇక్కడ అంతఃపురంలో అంటాడు. రాజు అడవిలోంచి ఎలా మాయమయ్యాడని విన్నవాళ్లు అడగరు. రెండుచోట్లా ఆ విన్నవాళ్లే ఉంటారు. వేలుతో పాజ్ నొక్కే రోజుల్లో దేముడు ఫ్లాష్ వెలుగులో దాచినది ఈ అతుకునే. ఇప్పుడు దాచకుండా వేశాడు. తవిటయ్య పట్టుపంచెలో కూర్చున్న ముక్కల్ని చెరిపేశాడు. డిస్కులో తరవాతి పెళ్లికి చోటు కావాలి.

విల్‌ఫ్రెడ్ చెప్పినట్టే పూజల ముందు వచ్చి, ఏది మంచిదని అడిగాడు. ఉలుధ్వని కావలసినవాళ్లకి యార్డు ఇవ్వమనీ, మిగిలినవాళ్లకి సింగిల్ లైను చాలనీ, ఏది ఇచ్చినా ఏమీ వద్దు అన్న మాట ఎక్కడుందో ముందు చూపించమనీ దేముడు చెప్పాడు. విల్‌ఫ్రెడ్ నోట్లో పాన్ సర్దుకుని, వద్దు అనడానికి ఎవరైనా కంప్యూటర్ కొంటారా అని అడిగి, రెండూ అమ్ముతానని వెళ్లిపోయాడు.

దసరాకి కూతురూ అల్లుడూ వచ్చారు. తవిటయ్య క్వార్టరులో ముందుగదిలో టీవీ పెట్టారు. జోగమ్మ గుమ్మం దగ్గర, అప్పలకొండ మంచంమీద, అల్లుడు కుర్చీలో, నూకరత్నం కింద చాపమీద రిమోటు పట్టుకుని. తవిటయ్య కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాళ్లు కడగడం వచ్చింది. తెరమీద అప్పలకొండ బిగుసుకుపోయి ఉన్నాడు, అసలు అప్పలకొండ మంచంమీద ఇంకా బిగుసుకున్నాడు. చెంబు వంగింది. పిల్ల తలెత్తి చూసింది. వాన. బ్రేక్‌వాన్ గుమ్మంలో తవిటయ్య, కళ్లమీదికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మళ్లీ పందిరి, నీళ్లు.

నూకరత్నం వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఆ రోజూ వాన అంతేనా నాన్నా?"

"ఇంకా ఎక్కువ," అన్నాడు తవిటయ్య.

ఆమె రిమోటు ఎత్తి ఆ వానదాకా వెనక్కి తిప్పింది.